కుంపటి గ్యాసు, సైకిల్ ట్యూబు, మా సీఓ లేజర్

మా అమ్మకి కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే పేరు తెలీదు గానీ ఆ గ్యాసు సంగతి మాత్రం బాగా తెలుసు. మా పెద్దక్క పురిటికొచ్చిన చలికాలం, పెద్దాపురంలో మా ఇంట్లో బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు, అందరూ తలుపులు కిటికీలు బిడాయించెయ్యండి చలిగాలి తగుల్తుందీ అంటుంటే అమ్మ ఒక్కతే ఆ కిటికీ రెక్క ఓరగా తీసి దానికో గుడ్డ ముక్క అడ్డం పెట్టి ఉంచేది. ఎవరు మూసినా మళ్ళీ లేచి తీసేది. తలుపులేసుకుని కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడం ఆవిడ చిన్నప్పుడు చూసిందట. వాసనుండదు, రంగుండదు, నిద్రలోనే ప్రాణం తీసుకుపోతుంది అని చెప్పేది. ఆ గ్యాసుతోటే నా జీవితంలో ఆరేళ్ళు గడుస్తాయని అప్పుడు నాకేం తెలుసు.

1988 ఆగస్టులో ఒహాయోలో ఒక యూనివర్సిటీకి పీహెచ్‌డీ కోసం వెళ్ళాను. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి సూపర్‌సానిక్ విండ్ టన్నెల్ (గాలిని ధ్వని కంటే వేగంగా తోలే సొరంగం) మీద ఏదో ఇస్తారనుకున్నా, ఇచ్చారు కూడా, కానీ ఆ టన్నెల్ లో రాకెట్ మోడలూ లేదు రెక్కా లేదు, నాజిల్ (గ్యాసుని వేగంగా తోసే సన్నటి మూతి) కి ముందు కరెంటు పిన్నులు, నాజిల్ తర్వాత అటూ ఇటూ అద్దాలు. మా ప్రొఫెసర్ బోర్డు మీద నాలుగు గీతలు గీసి, గ్యాసుకి కరెంటు షాక్ ఇస్తాం, ఆ వెంటనే నాజిల్ లోంచి ధ్వని వేగానికి మూడు రెట్లు వేగంతో తోసేస్తాం, అది ఒక్కసారిగా గడ్డకట్టేంత చల్లబడుతుంది, అప్పుడు లేజర్ వస్తుంది అన్నారు. అర్థం కాలేదు. కరెంటిస్తే వేడెక్కాలి గదా, ఈ చల్లబెట్టడం దేనికి అని.

ఇంటికి ఏరోగ్రామ్ లో రాశాను, కార్బన్ మోనాక్సైడ్ లేజర్ మీద పని అని. మా నాన్నగారు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవారు, అమ్మకి చదివి వినిపించి అది మన కుంపటి గ్యాసేనే అని చెప్పారట. తర్వాత వచ్చిన ఉత్తరంలో నాన్నగారి రాత అంతా అయ్యాక చివర అంచున ఇరికించి అమ్మ రాత, "బాబూ ఆ గదికి కిటికీ ఉందా, ఉంటే ఓర తీసి పెట్టుకో". ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

అసలు ఈ లేజర్ కథ మొదలైంది 1964లో. బెల్ ల్యాబ్స్ లో మన బారామతిలో పుట్టి పూనాలో ఇంజనీరింగ్ చదివిన కుమార్ పటేల్ గారు ఆ ఏడాదే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్నీ సీఓ లేజర్నీ రెండిటినీ లోకానికి చూపించారు. సీఓటూ లేజర్ ఫ్యాక్టరీల్లోకీ ఆపరేషన్ థియేటర్లలోకీ వెళ్ళిపోయి పేరు తెచ్చుకుంది, ఈ సీఓ మాత్రం తెలిసినవాళ్ళకే తెలిసినట్టు ఉండిపోయింది. అన్యాయం అనిపిస్తుంది నాకు, ఎందుకంటే లెక్క ప్రకారం చూస్తే ఇదే గొప్పది. సీఓటూలో మాలిక్యూల్ (అణువు) కి ఇచ్చిన శక్తిలో వెలుతురుగా వచ్చేది గరిష్టంగా నూటికి 41 పాళ్ళు, మిగతాదంతా వేడి. సీఓలో మెట్లు మెట్లుగా దిగుతుంది, ఒక మెట్టు దిగి వెలుతురిచ్చిన మాలిక్యూల్ కింది మెట్టు మీద నిలబడి మళ్ళీ ఇంకో మెట్టు దిగి ఇంకోసారి వెలుతురిస్తుంది, అలా సిద్ధాంతం ప్రకారం నూటికి తొంభై పైన రాబట్టొచ్చు. మణి భౌమిక్ గారని బెంగాల్ పల్లెటూర్లో పుట్టి ఖరగ్‌పూర్ ఐఐటీలో డాక్టరేట్ చేసినాయన, 1970ల మొదట్లో నార్త్‌రప్ కంపెనీలో ఈ లేజర్ మీద చాలా పని చేశారు. గొట్టం చుట్టూ లిక్విడ్ నైట్రోజన్ పోసి చల్లబెట్టి, పెట్టిన కరెంటులో సగానికి పైగా వెలుతురుగా రాబట్టారు అక్కడ. మా ల్యాబ్ లో ఇద్దరం ఇండియన్స్ ఉండేవాళ్ళం, ఈ ఇద్దరి పేపర్లూ తీసినప్పుడల్లా ఏదో మా ఇంటివాళ్ళ ఉత్తరం తీసినట్టుండేది.

మరి చల్లదనం ఎందుకూ అంటే. నాకు ఇది అర్థం కావడానికి ఒక సెమిస్టర్ పట్టింది, తర్వాత నాన్నగారికి ఉత్తరాల్లో చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. సీఓ మాలిక్యూల్ అంటే స్ప్రింగుకి కట్టిన రెండు గుండ్లు, ఊగుతూ ఉంటుంది, ఆ ఊపుకి మెట్లున్నాయి. మొదటి మెట్టు ఎత్తు 2143, రెండోది 2117, మూడోది 2090, అలా పైకెళ్ళేకొద్దీ మెట్టు ఎత్తు ఇరవయ్యారేసి చొప్పున తగ్గుతూ పోతుంది (స్పెక్ట్రోస్కోపీ వాళ్ళ కొలతలో లెండి, అంకెలు చాలు మనకి). ఇప్పుడు రెండు మాలిక్యూల్స్ గుద్దుకున్నాయనుకోండి, ఒకటి మొదటి మెట్టు దిగింది, రెండోది ఆ శక్తి పుచ్చుకుని ఒకటి నుంచి రెండుకి ఎక్కింది. ఇచ్చింది 2143, పట్టింది 2117, మిగిలిన 26 వేడిగా పోయింది. ఇదే వెనక్కి జరగాలంటే ఆ 26 ఎక్కణ్ణించో తెచ్చి వెయ్యాలి, అంటే గ్యాసులో వేడి ఉండాలి. వేడి గ్యాసులో అదేం లెక్క కాదు, ముందుకీ వెనక్కీ సమానంగా నడుస్తుంది. చల్లటి గ్యాసులో వెనక్కి వెళ్ళేవి తగ్గిపోతాయి, ముందుకెళ్ళేవే మిగుల్తాయి. అలా ఒక్కో గుద్దుకీ పైనున్నవి ఇంకా పైకి ఎక్కుతూ పోతాయి, కరెంటు ఎలక్ట్రాన్లు తోసింది కింది మెట్ల మీదికే అయినా ఎక్కడో పదో మెట్టు మీదా ఇరవయ్యో మెట్టు మీదా మాలిక్యూల్స్ పోగవుతాయి. దీన్ని 1968లో బఫెలోలో కార్నెల్ ఏరోనాటికల్ ల్యాబొరేటరీలో ట్రీనర్, రిచ్, రెమ్ అనే ముగ్గురు లెక్క కట్టి చూపించారు, అందుకే మేమంతా ట్రీనర్ పంపింగ్ అనేవాళ్ళం.

నేను ఇదంతా మూడు ఏరోగ్రామ్ లు నింపి రాస్తే నాన్నగారు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు, "అయితే చల్లటి గ్యాసు జేబులో చిల్లర ఉండదన్నమాట". అంతే. నా థీసిస్ డిఫెన్స్ లో కూడా నేను ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను, కమిటీలో పెద్దాయన ఒకరు నోట్ బుక్ లో రాసుకున్నారు.

సరే లిక్విడ్ నైట్రోజన్ తో చల్లబెట్టొచ్చుగా, ఈ సూపర్‌సానిక్ గొడవంతా ఎందుకు అంటే, గొట్టం బయట చల్లగా ఉన్నా కరెంటు ఎక్కువ ఇచ్చేకొద్దీ లోపల గ్యాసు నడుమ వేడెక్కిపోతుంది, ఆ వేడి గోడ దాకా పాకి బయటపడేసరికి ఆలస్యం అయిపోతుంది. అదే గ్యాసుని పరిగెత్తిస్తే వేడెక్కిన గ్యాసు వెళ్ళిపోతుంది, కొత్తది వస్తుంది. పైగా నాజిల్ లో వ్యాకోచించి దానంతటదే చల్లబడుతుంది, బయట ఏ మంచూ పొయ్యక్కర్లేదు. మాది మాక్ 3 నాజిల్, అంటే ధ్వని వేగానికి మూడు రెట్లు. లోపలికొచ్చే గ్యాసు మామూలు గది వేడిలో 300 కెల్విన్ ఉంటే బయటికొచ్చేసరికి 107, అంటే మైనస్ 166 డిగ్రీలు. వేగం సెకనుకి 630 మీటర్ల పైమాటే. నాన్నగారు ఎనిమిదో క్లాసు పిల్లలకి సైకిల్ తెచ్చి చూపించేవారు, పంపు కొడితే పంపు కింద వేడి, ట్యూబు వాల్వు నొక్కి గాలి మణికట్టు మీద వదిల్తే చల్లన. నేను ఆ క్లాసులోనే కూర్చుని చెయ్యి చాపినవాణ్ణి. మా నాజిల్ ముందు నుంచున్న ప్రతిసారీ నా మణికట్టు మీద ఆ చల్లగాలి తగిలినట్టే ఉండేది.

ఇంక ల్యాబ్ గురించి చెప్పాలి. బిల్డింగ్ వెనక బయట ఒక పెద్ద ఉక్కు ట్యాంకు, లారీ అంత, దాన్ని పంపులతో ఖాళీ చేసేవాళ్ళం. నలభై నిమిషాలు పంపులు దడదడలాడితే ట్యాంకు ఖాళీ అయ్యేది, అప్పుడు వాల్వు తెరిస్తే మిక్సర్ లో కలిపి పెట్టిన నైట్రోజనూ సీఓ గ్యాసూ నాజిల్ లోంచి ట్యాంకులోకి హుష్షున పోయేది. ఎనిమిది సెకన్లు. ఎనిమిది సెకన్లకే ట్యాంకులో ప్రెషర్ పెరిగిపోయి షాక్ వేవ్ వెనక్కొచ్చేసేది, సూపర్‌సానిక్ పోయేది. మళ్ళీ నలభై నిమిషాలు పంపులు. రాత్రంతా చేస్తే పది పన్నెండు రన్నులు, అంటే మొత్తం కలిపి నిమిషంన్నర డేటా కోసం ఒక రాత్రి. ఆ నలభై నిమిషాల్లో ఇంటి ఉత్తరాలు చదువుకునేవాణ్ణి, గుంటూరు నుంచి వచ్చిన నా జూనియర్ ఒకతను రైస్ కుక్కర్ తెచ్చి ఆఫీసు రూములో పెట్టాడు, ఆవకాయ సీసా కూడా అక్కడే, మూడో రన్ను తర్వాత అన్నం అని ఒక లెక్కుండేది మాకు.

నాజిల్ కి ముందు డిశ్చార్జ్ గది, గట్టిగా అరచెయ్యంత. దాని గోడలు ఇన్సులేటర్, అందులోంచి వరసగా పిన్నులు లోపలికి వచ్చుంటాయి, ఒక్కో పిన్నుకీ దానికంటూ ఒక బల్లాస్ట్ రెసిస్టర్. ఎందుకంటే గ్లో డిశ్చార్జ్ కి (గ్యాసులో కరెంటు పారితే వచ్చే మెత్తటి వెలుగుకి) ఒక గుణముంది, కరెంటు ఎక్కువైన చోట దారి ఇంకా సులువైపోయి ఉన్న కరెంటంతా అక్కడికే పరిగెడుతుంది, గ్లో కాస్తా ఆర్క్ (ఒక్క చోటే మండే మెరుపు) అయి కూర్చుంటుంది. రెసిస్టర్ ఉంటే ఏ పిన్ను ఎక్కువ లాగబోయినా దాని వోల్టేజ్ పడిపోయి దారికొస్తుంది. ఆ పిన్నుల మొనలు నేనే అరగదీసేవాణ్ణి చేత్తో, సన్నటి ఎమరీ కాగితంతో, అన్నీ ఒకే పొడుగు ఒకే గుండ్రన ఉండాలి, ఒక్కటి వెంట్రుకవాసి బయటికున్నా ఆర్క్ దాని మీదే పడేది.

మొదటిసారి గ్లో నిలబడింది 1989 నవంబర్ లో ఒక రాత్రి. లైట్లన్నీ ఆపేసి కిటికీ గాజులోంచి చూస్తున్నాం. వాల్వు తెరిచారు, హై వోల్టేజ్ ఇచ్చారు, పిన్నుల మొనల దగ్గర చిన్న చిన్న చుక్కలు వెలిగి, ఆ చుక్కల్నుంచి పల్చగా వంకాయ పువ్వు రంగు వెలుతురు గదంతా నిండిపోయి, నాజిల్ సందు వైపు ఎవరో లాగుతున్నట్టు సాగి ఉంది. కదలకుండా ఉంది, అదీ విశేషం. లోపల గ్యాసు అంత వేగంతో పరిగెడుతుంటే ఆ వెలుతురు మాత్రం దేవుడి ముందు అఖండదీపం లాగా నిలకడగా నుంచుంది. ఎవరం మాట్లాడలేదు. ఎనిమిది సెకన్లయ్యాక చీకటి, బయట పంపుల చప్పుడు. ఇప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ రంగు కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది నాకు.

కానీ లేజర్ వెలుతురు ఇది కాదు. అది ఐదు మైక్రాన్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు. అది వచ్చిందని తెలియాలంటే పవర్ మీటర్ చూడాలి, లేదా బీమ్ దారిలో అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) దిమ్మ పెట్టాలి, బీమ్ తగిలిన చోట అక్రిలిక్ ఆవిరైపోయి లోపలికి నున్నటి గుంట పడుతుంది, ఘాటుగా ఒకరకం తియ్యటి వాసనొస్తుంది. ఆ గుంట ఆకారమే బీమ్ ఆకారం. అద్దాలు ఇసుమంత వంకర ఉన్నా గుంట వంకరగా పడేది.

అన్నీ కుదిరాయనుకున్నాక 1990 వేసవిలో మాకు తల ప్రాణం తోకకొచ్చింది. పవర్ రోజురోజుకీ పడిపోతోంది. మొదట తేమ అనుకున్నాం, అదీ నిజమే కొంత, ఈ లేజర్ గీతల్లో (అది ఇచ్చే వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో) చాలావాటిని గాల్లో నీటి ఆవిరి మింగేస్తుంది, జులైలో ఒహాయో గాలి మన కోస్తా గాలిలాగే ఉంటుంది, అందుకని బీమ్ వెళ్ళే దారంతా గొట్టం కట్టి పొడి నైట్రోజన్ నింపాం. కాస్త మెరుగైంది, మళ్ళీ పడిపోయింది. పిన్నులు మార్చాం, అద్దాలు సర్దాం, లీకుల కోసం ప్రతి జాయింటూ హీలియంతో వెతికాం. రెండు నెలలు. నా వీసా, నా ఫండింగ్, ఇంటి దగ్గర చెల్లి పెళ్ళి, అన్నీ ఆ మీటరు ముల్లు మీదే వేలాడుతున్నట్టుండేది.

చివరికి పట్టుకున్నది మా మెషిన్ షాపులో పనిచేసే పెద్దాయన. అరవై దాటినవాడు, కాలేజీ చదువు లేదు, చేతిలో లేత్ ఉంటే చాలు దేవుడే. విప్పిన కాల్షియం ఫ్లోరైడ్ కిటికీని వెలుతురుకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, దీని మీద తుప్పుంది అన్నాడు. గాజు మీద తుప్పేంటి అనుకుని నేనూ తీసుకుని చూశాను, నిజంగానే, అంచు వైపు ఉల్లిపొర కన్నా పల్చగా ఎర్రమట్టి రంగు. అప్పుడు తట్టింది మా ప్రొఫెసర్ గారికి. ఉక్కు సిలిండర్ లో సీఓ గ్యాసు ఎక్కువ ప్రెషర్ లో నెలల తరబడి ఉంటే సిలిండర్ గోడలోని ఇనుముతో కలిసి ఐరన్ కార్బొనిల్ అనే ఆవిరి తయారవుతుంది, అది గ్యాసుతో పాటే వచ్చి డిశ్చార్జ్ లో విరిగి ఇనుమంతా పిన్నుల మీదా కిటికీల మీదా పరిచేస్తుంది. మా సిలిండర్ ఏడాది పాతది. ఇప్పుడు దాన్ని వడగట్టాలి. లిక్విడ్ నైట్రోజన్ లో గొట్టం ముంచితే కార్బొనిల్ గడ్డకడుతుంది గానీ సిలిండర్ నుంచొచ్చే సీఓ కూడా అక్కడే నీరైపోతుంది, మైనస్ 191కే మరుగుతుందది. అందుకని రాగి గొట్టంలో యాక్టివేటెడ్ చార్‌కోల్ నింపి డ్రై ఐస్ లో పెట్టాం. బొగ్గు! బొగ్గుల్లో పుట్టే గ్యాసుని బొగ్గుతోనే శుభ్రం చేశాం. వారంలో పవర్ వెనక్కొచ్చింది, ముందుకంటే ఎక్కువే వచ్చింది. ఆ పెద్దాయన పేరు మా పేపర్లో కృతజ్ఞతల్లో మొదట పెట్టాలని నేను పట్టుబట్టాను, పెట్టాం.

1991 జులైలో నాన్నగారు వచ్చారు, రిటైరయ్యాక, ఒక్కరే, అమ్మ మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేకపోయింది. నయాగరా చూపిస్తానంటే తర్వాత చూద్దాం ముందు నీ టన్నెల్ చూపించు అన్నారు. పంచె కట్టుకునే వచ్చారు ల్యాబ్ కి, పైన సేఫ్టీ కళ్ళజోడు. వాల్వు దగ్గర నుంచి ట్యాంకు దాకా గొట్టం వెంట నడుస్తూ ఒక్కోటీ అడిగి తెలుసుకున్నారు, ఇది ప్రెషర్ ఎంత, ఇక్కడ వేడెంత, ఈ పిన్నుకి కరెంటెంత. కమిటీ వాళ్ళు కూడా అన్ని మంచి ప్రశ్నలు అడగలేదు నన్ను. తర్వాత లైట్లు ఆపి రన్ను చేశాం. ఎనిమిది సెకన్లూ ఆయన గ్లో వైపు కాదు, అక్రిలిక్ దిమ్మ వైపే చూస్తున్నారు. ఏమీ లేని చోట, గాల్లోంచి ఏదీ వస్తున్నట్టు కనపడని చోట, దిమ్మలో గుంట దిగుతూ ఉంది. లైట్లు వేశాక దిమ్మ చల్లారే దాకా ఆగి చేతిలోకి తీసుకుని చూపుడువేలు ఆ గుంటలో పెట్టి తిప్పుతూ, "చిల్లర లేని గ్యాసు ఎంత పని చేసిందిరా" అన్నారు. గొంతు కొంచెం బొంగురుపోయింది. నాకూ మాట రాలేదు.

దిమ్మ ఆయనే పట్టుకెళ్ళారు ఇండియాకి, ఎర్ర తువ్వాల్లో చుట్టి. ఇంటికెళ్ళగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న కిటికీ ఉందా అని అట. "పైకప్పులో ఇంతలావు ఫ్యానుంది, గ్యాసు ఏమాత్రం లీకైనా గంట మోగుతుంది, ఆ గంట నేను మోగించి మరీ విన్నాను" అని నాన్నగారు చెప్పారట. నిజమే, అలారం టెస్ట్ చేసి చూపించమని అడిగి మరీ చేయించుకున్నారు ఆ రోజు. ఎందుకో అప్పుడు నాకు తెలీలేదు.

1994లో నా పని పూర్తయింది. తర్వాత కొన్నేళ్ళకి ఆ సెటప్ విప్పేశారని తెలిసింది. పెద్ద లేజర్లంటే అప్పటికే అందరి చూపూ కెమికల్ ఆక్సిజన్ అయొడిన్ లేజర్ మీదుంది, బోయింగ్ 747 ముక్కులో పెట్టి 2010లో మిసైల్ ని కూల్చి చూపించారు, మరుసటి ఏడాదే ఆ ప్రోగ్రామూ ఆపేశారు. ఫ్యాక్టరీల్లోకి ఫైబర్ లేజర్లొచ్చాయి, గ్యాసూ గొట్టాలూ ఎవరిక్కావాలి. నేనూ టర్బైన్ల వైపు వెళ్ళిపోయాను. కానీ 2015 ప్రాంతంలో కొహెరెంట్ కంపెనీ వాళ్ళు సీల్ చేసిన చిన్న సీఓ లేజర్ మార్కెట్లోకి తెచ్చారని చదివినప్పుడు ఆ పేజీ ప్రింట్ తీసుకుని రెండు మూడు సార్లు చదివాను, సూపర్‌సానిక్కూ లేదు నైట్రోజన్ ట్యాంకూ లేదు, పెట్టెలో పట్టేస్తుంది, గాజు కోతకి సీఓటూ కంటే బాగుంటుందట, పది మైక్రాన్ల వెలుతురు గాజు పైపొరలోనే ఆగిపోతే ఈ ఐదు మైక్రాన్లది కొంచెం లోతుకి దిగుతుంది కాబట్టి. ఊళ్ళో అందరూ మర్చిపోయిన మన పిల్లాడికి ఉద్యోగం వచ్చినంత సంతోషం వేసింది.

నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. దిమ్మ పెద్దాపురంలో ఇంట్లో గాజు బీరువాలో ఉంది, అంచులు పసుపెక్కాయి, గుంట మాత్రం అలాగే ఉంది, కింద అట్టముక్క మీద ఆయన రాత, "కంటికి కనపడని వెలుతురు చేసినది. జులై 1991."

అమ్మకి ఇప్పుడు ఎనభై ఆరు. ఇక్కడ చలికాలం మొదలవగానే ఫోన్లో అడుగుతుంది, మీ ఇల్లంతా మూసేసి గ్యాసు హీటర్ వేస్తారుగా, కిటికీ ఓర తీసావా అని. ఇంట్లో సీఓ అలారం ఉందమ్మా అంటే నమ్మదు. అందుకని ఫోన్ పట్టుకుని హాల్లోకి వెళ్ళి స్టూలెక్కి దాని టెస్ట్ బటన్ నొక్కుతాను, కీచుమని నాలుగుసార్లు మోగుతుంది. "ఆ, వినపడింది, సరే పడుకో" అంటుంది.